కార్యదర్శి గారి చేతిరుమాలు

ఆ ఆదివారం ఉదయం కార్యదర్శి గారి పథకం చాలా చిన్నది. పదిన్నరకు ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలవ్వాలి. పదకొండున్నరకల్లా తమ జట్టు ఒక్క గోలు తేడాతో, చూసేవాళ్ళకు ముచ్చటేసేలా ఓడిపోవాలి. పన్నెండింటికి పెయింట్ల కంపెనీ డైరెక్టరు గారు గెలిచిన హుషారులో కాగితం మీద సంతకం పెట్టేయాలి. ఒంటిగంటకు తను ఇంటికొచ్చి భోంచేసి ఓ కునుకు తీయాలి. ఇంతకన్నా పెద్ద కోరికలు ఆయనకు ఎప్పుడూ లేవు.

మేధో వైకల్యం ఉన్నవాళ్ళనూ, తమకు ఏ వైకల్యమూ లేదని గట్టిగా నమ్మేవాళ్ళనూ ఒకే జట్టులో కలిపి ఆడించడం ఆయన సంఘం పని. అయిదుగురి జట్టులో ముగ్గురు మొదటి రకం, ఇద్దరు రెండో రకం. రెండో రకాన్ని తోడు ఆటగాళ్ళు అంటారు. ఆడుకునే చోటు పెయింట్ల కంపెనీవారి పాత గోడౌను. రేకుల కప్పు, సిమెంటు నేల, గోడల పొడుగునా ఎప్పుడో ఒలికి ఎండిపోయిన రంగు చారలు. ఆరేళ్ళుగా కంపెనీ దాన్ని ఊరికే వాడుకోనిచ్చింది. ఇప్పుడు డబ్బాలు పెట్టుకోవడానికి చోటు చాలక, సోమవారం నుంచి వెనక్కి తీసేసుకుందామా అని డైరెక్టరు గారు ఆలోచిస్తున్నారు. అది పోతే ఇరవై ఆరుమంది ఆటగాళ్ళు ఆదివారాలు ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాల్సిందే. ఆ మాట తలుచుకుంటే చాలు, కార్యదర్శి గారికి ముద్ద దిగేది కాదు. ఆయన పిరికివాడే గానీ చెడ్డవాడు కాదు.

డైరెక్టరు గారికి గెలుపంటే ప్రాణం. ఆఫీసు గదిలో అద్దాల బీరువా నిండా ఆయన కప్పులే. కంపెనీ ఆటల పోటీల్లో క్యారమ్స్ మొదలుకుని పరుగుపందెం దాకా పద్నాలుగేళ్ళుగా ఆయన దేంట్లోనూ ఓడింది లేదు. అలాంటి మనిషి జట్టును ఆయన కళ్ళెదుటే ఓడించి, అదే నోటితో గోడౌను అడగడం ఎలాగన్నది కార్యదర్శి గారి బెంగ. అందుకే ఓడిపోవాలని నిర్ణయించారు.

"మనవాళ్ళని ఓడిపొమ్మని చెప్పారా?" అంది ఆయన భార్య, రొట్టెకు వెన్న రాస్తున్న చాకు ఆపేసి.

"అందరికీ కాదు. తోడు ఆటగాళ్ళకి చెప్పాను, పళ్ళ డాక్టరుకీ బ్యాంకు గుమాస్తాకీ. వాళ్ళిద్దరూ చూసుకుంటారు. మిగతా ముగ్గురికీ తెలియనక్కర్లేదు."

"వాడికి తెలిస్తే?"

"తెలియకూడదనే కదా వంటింట్లోకొచ్చి చెబుతున్నాను. కాస్త గొంతు తగ్గించు."

వాడంటే ఆవిడ తమ్ముడు. ముప్ఫై ఒక్కేళ్ళవాడు, వీళ్ళతోనే ఉంటాడు. వారంలో ఆరు రోజులు అట్టపెట్టెల కార్ఖానాలో పెట్టెలు మడుస్తాడు, ఏడో రోజు జట్టుకు గోల్‌కీపరూ కెప్టెనూ. చేతి తొడుగులు శనివారం సాయంత్రం తనే ఉతికి, నాలుగు క్లిప్పులు పెట్టి ఆరేస్తాడు. మూడు క్లిప్పులు పెడితే ఒప్పుకోడు. తొందరపెడితే ముడుచుకుపోతాడు, తొడుగులు ఎవరైనా ముట్టుకుంటే పూటంతా మాట్లాడడు. అతనికి చదవడం సరిగా రాదు, అబద్ధం అసలే రాదు. మొదటిది సంఘానికి ఎప్పుడూ అడ్డు రాలేదు.

ముందుగదిలో అతని బీరువాకు మూడు అరలు. కింది రెండింట్లో పదకొండు కప్పులున్నాయి. పై అర ఖాళీ. ఆరేళ్ళుగా వాళ్ళతో ఆడటానికి వచ్చిన ప్రతి జట్టూ జాలిపడి ఓడిపోయి, కప్పు చేతిలో పెట్టి, ఫొటో దిగి వెళ్ళిపోయింది. "గోల్‌కీపరు ముందే పక్కకి పడిపోతే నాకు తెలీదా అక్కా? నేనూ గోల్‌కీపర్నేగా," అని మొదటి కప్పు నాడే అన్నాడు. అప్పటినుంచి అతని లెక్కలో కప్పులు రెండు రకాలు, ఇచ్చినవీ గెలిచినవీ. ఇచ్చిన వాటిలో బంతికి గాలి కొట్టే పంపు సూదులు, తెగిన లేసులు దాస్తాడు. పై అరను మాత్రం ప్రతి ఆదివారం తడిగుడ్డతో తుడుస్తాడు.

ఆ రోజూ తుడిచి, వంటింట్లోకొచ్చాడు. "అక్కా, పుస్తకం పట్టుకో."

సంఘం నియమాల పుస్తకం అది. ఆరేళ్ళ కిందట సంఘం పెట్టిన వేడిలో కార్యదర్శి గారే ఇరవై రెండు నియమాలు రాసి, కింద సంతకం చేసి, ప్రారంభసభలో గొంతు వణుకుతుండగా చదివారు. చప్పట్లు బాగా పడ్డాయి. ఆ తర్వాత ఆయన దాన్ని తెరవలేదు. కెప్టెన్ మాత్రం అక్క చేత చదివించుకుని, నాలుగు నెలలు కూర్చుని మొత్తం బట్టీ పట్టాడు. ప్రతి మ్యాచ్ రోజూ ఒప్పజెప్పందే రొట్టె ముట్టడు.

"పదకొండు," అన్నాడు, తొడుగులు మోకాళ్ళ మీద పెట్టుకుని. "కావాలని ఓడిపోవడం అవతలివాణ్ణి అవమానించడం. అలా చేసేది ఆడేవాళ్ళైనా, ఆడించేవాళ్ళైనా, రిఫరీ వెంటనే బయటికి పంపాలి."

కార్యదర్శి గారికి కాఫీ పొలమారింది. భార్య ఆయన నెత్తి మీద తట్టింది, అవసరమైనదానికన్నా గట్టిగానే.

"బావా, ఇవాళ వచ్చేవాళ్ళు నిజంగా ఆడతారా?"

"ఎందుకాడరు? కంపెనీవాళ్ళు, గట్టివాళ్ళు."

"మేం ఓడిపోయినా ఫరవాలేదు బావా. నిజంగా ఆడితే చాలు."

భార్య భర్త వైపు చూసింది. భర్త రొట్టె వైపు చూశారు.

తొమ్మిదింటికి ఆయన కంపెనీ పీఆర్ మేడమ్‌కు ఫోన్ చేశారు. కంపెనీ పేరు పత్రికల్లో రావడం, రాకుండా చూడటం రెండూ ఆవిడ పనే.

"ఫలితం గురించి మీరేం కంగారు పడకండి మేడమ్. డైరెక్టరు గారి మనసు నొచ్చుకునేలా ఏదీ జరగదు. అంతా మాట్లాడేశాను."

"అయ్యో, మీరూ కంగారు పడకండి సార్. మా వాళ్ళకి నేనూ గట్టిగా చెప్పి ఉంచాను," అంది ఆవిడ.

ఇద్దరూ తేలికపడి ఫోన్లు పెట్టేశారు. ఇక్కడొక సంగతి చెప్పాలి. అంత పెద్ద కంపెనీవాళ్ళు ఇలాంటి జట్టును ఓడించారని ఫొటోతో సహా పత్రికలో పడితే తన ఉద్యోగం ఏమవుతుందోనని ఆవిడకు వారం రోజులుగా గుబులు. అందుకని డైరెక్టరు గారికి చెప్పకుండానే ఏడుగురు ఉద్యోగులను గదిలో కూర్చోబెట్టి, మూడు రెండు తేడాతో ఓడిపోవాలని ఆజ్ఞాపించింది. గెలిచినవాళ్ళ ఇంక్రిమెంటు సంగతి తను చూసుకుంటానని కూడా అంది. ఈ ముక్క కార్యదర్శి గారికి తెలిసి ఉంటే ఆ రోజు ఇంత చెమట పట్టేది కాదు.

పదింబావుకు గోడౌను వెనక తలుపు దగ్గర ఆయన పళ్ళ డాక్టరునూ బ్యాంకు గుమాస్తానూ పక్కకు పిలిచి సంజ్ఞ చెప్పారు. "నేను చేతిరుమాలు తీసి మొహం తుడుచుకున్నానంటే ఒక గోలు వదిలెయ్యాలి. అంతే. అదీ సహజంగా ఉండాలి."

"ఎంత సహజంగా?" అన్నాడు డాక్టరు.

"మీరు పన్ను పీకేముందు నొప్పుండదని చెబుతారు చూడండి, అంత సహజంగా."

ఆటగాళ్ళు వరసలో నిలబడ్డారు. కెప్టెన్ కాక ఈ వైపు మరో ఇద్దరున్నారు. ఒకమ్మాయి లాండ్రీలో దుప్పట్లు మడుస్తుంది. పరుగు మొదలుపెడితే గోడ వచ్చేదాకా ఆగదు కాబట్టి ఎక్స్‌ప్రెస్ అంటారు. ఇంకొకాయన నలభై మూడేళ్ళ మనిషి, పెద్దాయన. ఆయన పరుగెత్తరు, మాట్లాడరు. ఆయన కాలి దగ్గరకొచ్చిన బంతి మాత్రం వెళ్ళాల్సిన చోటికే వెళుతుంది. రిఫరీగా వచ్చింది రిటైరైన రైలు గార్డు. ముప్ఫై ఏళ్ళు పచ్చజెండా ఎర్రజెండా తప్ప మధ్యస్తంగా మరో రంగు ఎరగని మనిషి. ఆటగాళ్ళ ఇళ్ళవాళ్ళు ఖాళీ డబ్బాలు బోర్లించుకుని కూర్చున్నారు. తిరిగే ఒకే ఒక్క ఫ్యాను కింద మెత్తటి కుర్చీలో డైరెక్టరు గారు, పక్కన ఫైలు పట్టుకుని పీఆర్ మేడమ్.

ఈల పడింది. కంపెనీ సేల్స్ మేనేజరు బంతిని వినయంగా పళ్ళ డాక్టరు ముందుకు నెట్టాడు.

"తీసుకోండి," అన్నాడు.

"అబ్బే, మీరే కానివ్వండి," అన్నాడు డాక్టరు, వెనక్కి నెడుతూ.

పెళ్ళికొచ్చిన ఇద్దరు పెద్దమనుషులు గుమ్మం దగ్గర నిలబడి ముందు మీరంటే ముందు మీరనుకున్నట్టు కాసేపు సాగింది. ఈలోగా ఎక్స్‌ప్రెస్ వచ్చి, ఇద్దరి మధ్య నుంచి బంతి తీసుకుని వెళ్ళిపోయింది. అడ్డుకోవాల్సిన కంపెనీవాళ్ళు అటూ ఇటూ తప్పుకుని దారిచ్చారు. గోల్‌కీపరుగా నిలబడ్డ స్టోర్సు గుమాస్తా ఆమె రావడం చూసి, కిందకు కూర్చుని బూటు లేసు విప్పుకున్నాడు. ఎక్స్‌ప్రెస్ ఖాళీ గోలు ముందు టక్కున ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుంది. గోడ రాకుండా ఆమె ఆగడం అదే మొదటిసారి.

"కట్టుకోండి. ఆగుతాను," అంది.

అతను కట్టుకున్నాడు. మళ్ళీ విప్పాడు. రెండో బూటు పట్టుకున్నాడు.

"రెండు ముళ్ళు వెయ్యండి, ఊడదు."

ప్రపంచంలో ఏ లేసైనా ఎంతసేపని కడతారు. చేసేది లేక సేల్స్ మేనేజరు పరుగెత్తుకొచ్చి, బంతిని బయటికి తన్నబోతున్నట్టు నటిస్తూ సొంత గోల్లోకి తన్నాడు. ఒకటి సున్నా. పీఆర్ మేడమ్ లేచి చప్పట్లు కొట్టింది. డైరెక్టరు గారి కనుబొమలు దగ్గరికొచ్చాయి.

ఆ కనుబొమలు చూసి కార్యదర్శి గారు బెదిరిపోయారు. రేకుల కింద వేడి ఒకటి, ఈ బెదురు ఒకటి, నుదుటి నుంచి చెమట ధార కట్టింది. అలవాటుగా చేతిరుమాలు తీసి తుడుచుకున్నారు. బంతి కాలి కింద పెట్టుకుని ఇటే చూస్తున్న పళ్ళ డాక్టరు, వెనక్కి తిరిగి సొంత గోలు మీదికి బలంగా కొట్టాడు. కెప్టెన్ ఎగిరి పట్టుకున్నాడు.

"డాక్టరు గారూ, మన గోలు అటుంది," అని మర్యాదగా చెయ్యి చాపి చూపించాడు.

"సారీ కెప్టెన్. తికమకపడ్డాను."

ఇది చూసి కార్యదర్శి గారికి మరింత చెమట పట్టింది. మరింత తుడుచుకున్నారు. ఈసారి బ్యాంకు గుమాస్తా కొట్టాడు. దాన్నీ కెప్టెన్ ఆపి, "ఇవాళ అందరూ తికమకగా ఉన్నారు," అన్నాడు. మూడోసారి డాక్టరు తలతో కొట్టింది అతని వేళ్ళు దాటి లోపలికి వెళ్ళింది. ఒకటి ఒకటి. అమ్మయ్య అనుకుని కార్యదర్శి గారు తేలిగ్గా మొహం తుడుచుకున్నారు. ఆ తుడుపును గుమాస్తా ఇంకో ఆజ్ఞగా తీసుకున్నాడు. ఒకటి రెండు.

సరిగ్గా ఆయనకు కావలసిన లెక్క అదే. చేతిరుమాలు జేబులో కుక్కేసి, ఇక ప్రాణం పోయినా తియ్యకూడదనుకున్నారు. కానీ తమ కంపెనీ గెలుస్తోందని చూసిన పీఆర్ మేడమ్ చేతిలోంచి ఫైలు జారిపడింది. ఆ చప్పుడుకు కంపెనీ జట్టు ఉలిక్కిపడి, రెండు నిమిషాల్లో రెండు గోల్స్ తమ మీద తామే వేసుకుంది. ఇంక్రిమెంటు ఊరికే రాదు కదా. డైరెక్టరు గారు కుర్చీలో ముందుకు జరిగారు. కార్యదర్శి గారి చెయ్యి ఆయన మాట వినకుండా జేబులోకి వెళ్ళింది.

సగం ఆట ముగిసేసరికి నాలుగు నాలుగు. ఎనిమిదింట్లో ఏడు ఎవరి గోల్లో వాళ్ళు వేసుకున్నవే. మిగిలిన ఒక్కటి మాత్రం పెద్దాయన నిలబడ్డ చోటి నుంచే, కొలిచినట్టు, అవతలి గోలు మూలలోకి పంపినది. ఎవరి ఏడుపులో వాళ్ళుండి దాన్ని ఎవరూ గమనించలేదు. పెద్దాయన కూడా ఎవరికీ చెప్పలేదు.

"ఇదేం ఆటండీ? ఎవరు ఎటు కొడుతున్నారు?" అన్నారు డైరెక్టరు గారు.

"అదే సార్ మా సంఘం ప్రత్యేకత," అన్నారు కార్యదర్శి గారు, నోటికొచ్చింది. "కలుపుకుపోయే ఆట. గోల్స్ కూడా ఒకళ్ళకొకళ్ళం పంచుకుంటాం."

డైరెక్టరు గారు తల ఊపారు. అర్థం కాలేదని చెప్పడం ఆయన హోదాలో ఉన్నవాళ్ళకు అలవాటు లేదు.

విరామంలో కెప్టెన్ కమలా పళ్ళ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, బావ పక్కన కూర్చున్నాడు.

"బావా, నీకు డాక్టరు గారి దగ్గరికి బాల్ వచ్చినప్పుడే చెమట పడుతోందేం?"

"ఎండలే."

"లోపల ఎండ ఎక్కడుంది?"

"బీపీ రా."

కెప్టెన్ నాలుగు తొనలు తినేదాకా ఆలోచించాడు. "అక్కకి చెప్పనా?"

"వద్దొద్దు."

"బీపీ అయితే చెప్పాలి కదా. చెప్పొద్దంటున్నావంటే బీపీ కాదు."

అందరికీ తెచ్చిన పళ్ళు తనొక్కడే పూర్తి చేసి, చేతులు తుడుచుకుని, తొడుగులు వేసుకుని లేచాడు. నేరుగా గార్డు గారి దగ్గరికి వెళ్ళి పదకొండో నియమం ఒప్పజెప్పాడు. గార్డు గారు మాట మీద నమ్మే మనిషి కాదు, కాగితం కావాలన్నారు. కెప్టెన్ అక్క తన సంచిలోంచి పుస్తకం తీసి, భర్త వైపు చూడకుండా నడుచుకుంటూ వెళ్ళి ఇచ్చింది. గార్డు గారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. చివరి పేజీ తిప్పి కార్యదర్శి గారికి చూపించారు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"రద్దు చేసినట్టు ఇంకో కాగితం ఏమైనా ఉందా?"

"లేదు."

"అయితే అమల్లో ఉన్నట్టే. మొదటి సగం లెక్కలోకి రాదు. మళ్ళీ సున్నా నుంచి ఆడండి."

రెండో సగం మొదలైన నిమిషానికి స్టోర్సు గుమాస్తా లేసు పట్టుకున్నాడు. గార్డు గారు ఈల ఊది తలుపు చూపించారు. సేల్స్ మేనేజరు సొంత గోలు వైపు తిరగబోయాడు, తలుపు. కార్యదర్శి గారి జేబు వైపు ఓ కన్నేసి ఉంచిన పళ్ళ డాక్టరు, తలుపు. అతని వెనకే బ్యాంకు గుమాస్తా, ఇంకా ఏమీ చెయ్యకముందే, తనంతట తానే వెళ్ళిపోయాడు. కంపెనీ వైపు మిగిలినవాళ్ళూ, బదులు వచ్చినవాళ్ళూ పీఆర్ మేడమ్ మొహం చూసి ఓడిపోబోయి ఒకరి వెనక ఒకరు బయటికి నడిచారు. పది నిమిషాల్లో కంపెనీ వైపు మైదానం ఊడ్చినట్టయింది. మిగిలింది ముగ్గురు. కెప్టెన్, ఎక్స్‌ప్రెస్, పెద్దాయన.

"నిజంగా ఆడేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" అని గార్డు గారు ప్లాట్‌ఫారం మీద కేకేసినట్టు అడిగారు.

డైరెక్టరు గారు మెల్లగా లేచి, టై విప్పి కుర్చీ మీద వేశారు. "నా మనుషులకేమైందో నాకు తెలీదు. నేనాడతాను. పద్నాలుగేళ్ళుగా ఓడలేదు నేను," అన్నారు. తలుపు దగ్గర గుమిగూడిన ఉద్యోగులందరికీ ఉన్నట్టుండి తమ బూట్లు చూసుకోవాలనిపించింది. ముగ్గురికి ముగ్గురుండాలని గార్డు గారంటే, తన కారు డ్రైవరునూ గోడౌను వాచ్‌మన్‌నూ పిలిచి, వాచ్‌మన్‌ను గోల్లో నిలబెట్టారు.

కార్యదర్శి గారికి పైప్రాణాలు పైనే పోయాయి. ఇన్నాళ్ళూ కంపెనీ ఓడుతుందేమోనని భయం. ఇప్పుడు స్వయంగా డైరెక్టరు గారే ఓడేలా ఉన్నారు. ఎక్స్‌ప్రెస్ అప్పటికే ఆయన్ని ఒకసారి దాటేసింది. పెద్దాయన అందించిన బంతితో మొదటి గోలు వేసింది. కార్యదర్శి గారు ఎవరికీ ఏ సైగా చెయ్యాలనుకోలేదు, సైగ అందుకునేవాళ్ళే లోపల లేరు. చెమట కళ్ళల్లోకి కారుతుంటే తుడుచుకున్నారు, అంతే.

ఈల మోగింది. కెప్టెన్ గోలు వదిలి ఇంత దూరం వచ్చి, గార్డు గారి పక్కన నిలబడ్డాడు.

"ఆడించేవాళ్ళైనా," అన్నాడు. అతని మొహంలో కోపం లేదు. కాస్త దిగులు ఉంది. అది కోపం కన్నా బాధించింది ఆయన్ని.

"అదిక్కడివ్వండి," అని గార్డు గారు చేతిరుమాలు తీసుకుని, మడిచి, తన జేబులో పెట్టుకుని, తలుపు చూపించారు. తను రాసిన నియమం కింద, తను సంతకం చేసిన పుస్తకం ప్రకారం, తను అడిగి తెచ్చుకున్న గోడౌనులోంచి కార్యదర్శి గారు బయటికి నడిచారు.

బయట ఎండలో పళ్ళ డాక్టరు, గుమాస్తా, ఏడుగురు కంపెనీ ఉద్యోగులు గోడ నీడకు వరసగా నిలబడి ఉన్నారు. అప్పుడే అక్కడ తేలింది, ఎవరు ఎవరికి ఏం చెప్పి పంపారో. సేల్స్ మేనేజరూ పళ్ళ డాక్టరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, క్షమించమంటే క్షమించమని అక్కడ కూడా మర్యాదలకు దిగారు. కార్యదర్శి గారికి అవి వినే ఓపిక లేదు. పాత రంగు డబ్బా ఒకటి లాక్కుని, దాని మీదికెక్కి, వెంటిలేటరులోంచి తొంగిచూశారు. అక్కడి నుంచి తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. డైరెక్టరు గారి తల అటు వెళ్ళింది, ఇటు వచ్చింది, మాయమైంది, మళ్ళీ లేచింది. ఒక కేక. అది ఎవరి గోలో తెలియలేదు. ఇంకో కేక. ఆయన మునివేళ్ళ మీద లేచారు. డబ్బా మూత ఫెళ్ళున లోపలికి పోయింది, కుడికాలు మోకాలి దాకా నీలిరంగులో దిగబడింది. పైన తొరక కట్టినా లోపల ఇంకా పచ్చిగానే ఉందది. కంపెనీవారి సరుకు నాణ్యత గురించి అదే ఆయనకు మొదటి ప్రత్యక్ష అనుభవం.

కాలు లాక్కుంటూ ఉండగానే లోపల పొడుగ్గా ఈల వినిపించింది. భార్య తలుపు తీసుకుని వచ్చింది.

"ఎంత?" అన్నారు ఆయన.

"నాలుగు ఒకటి."

"ఎవరు?"

"ఎవరేమిటి, మనవాళ్ళు. డైరెక్టరు గారు నేల మీద కూర్చుండిపోయారు. మాట్లాడటం లేదు. మీరు రండి." అప్పుడు ఆయన కాలు చూసి, ముందుకు నడిచింది.

ఆయన లోపలికి వెళ్ళారు. అడుగడుక్కీ నేల మీద ఒక నీలిరంగు పాదం పడుతోంది. డైరెక్టరు గారు గోడకు చేరగిలబడి, చొక్కా తడిసి ముద్దై, రొప్పుతున్నారు. కెప్టెన్ ఆయన ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అతని మొహం చూశారు కార్యదర్శి గారు. ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే బల్ల దగ్గర తింటూ, ఆ సంతోషం ఆయన ఎన్నడూ చూడలేదు. పదకొండు కప్పుల్లో ఒక్కటీ తేలేనిది అది. తను ఆ పొద్దున రొట్టె వైపు చూడటం గుర్తొచ్చి ఆయనకు నిజంగా సిగ్గేసింది.

"నిజంగానే ఓడిపోయానంటావా?" అంటున్నారు డైరెక్టరు గారు.

"నిజంగానే. మీకు ఎడమకాలు అసలు ఆడదు. కుడికాలొక్కదానితో ఎంతకని నెట్టుకొస్తారు?"

"పద్నాలుగేళ్ళుగా నాకెవరూ చెప్పలేదే." డైరెక్టరు గారు తలెత్తి గుమ్మంలో నిలబడ్డ ఉద్యోగుల వైపు చూశారు. వాళ్ళందరూ రేకుల కప్పును పరిశీలిస్తున్నారు. ఆ చూపులు ఎటున్నాయో చూస్తూ చూస్తూ ఆయనకు సంగతి తెలిసొచ్చినట్టుంది. మొహం ఎర్రబడింది. "అయితే నా బీరువాలోవన్నీ..."

"ఇచ్చినవి," అన్నాడు కెప్టెన్. "బాధపడకండి. మా ఇంట్లోనూ పదకొండున్నాయి. పంపు సూదులు పెట్టుకోవడానికి బావుంటాయి."

కార్యదర్శి గారు కళ్ళు మూసుకున్నారు. ఆయన కళ్ళకు గోడౌను నిండా డబ్బాలు పేర్చి ఉన్నట్టే కనబడింది.

"మరి నేనేసిన ఆ ఒక్క గోలు?" అన్నారు డైరెక్టరు గారు. గొంతు తగ్గించి అడిగారు, జవాబుకు జంకుతున్నట్టు. "అది ఆపలేకపోయావా, వదిలేశావా?"

కెప్టెన్‌కు ఆ ప్రశ్న నచ్చలేదు. "వదలడమేంటండీ? పదకొండో నియమం ఉంది కదా. ఎంతెగిరినా అందలేదు. బాగా కొట్టారు."

డైరెక్టరు గారు నవ్వారు. చిన్నగా మొదలై, రొప్పుతో కలిసి, దగ్గు దాకా వెళ్ళింది ఆ నవ్వు. పక్కనే ఉన్న డ్రైవరు జబ్బ పట్టుకుని, "విన్నావా? అందలేదట," అన్నారు. రెండుసార్లు అన్నారు. పీఆర్ మేడమ్‌ను పిలిచి ఫైలు అడిగారు. ఆవిడ ఇచ్చింది. గోడ కానించుకుని గోడౌను కాగితం మీద సంతకం పెట్టి, కార్యదర్శి గారికి అందించబోతూ నీలికాలు దగ్గర ఓ క్షణం ఆగి, ఏమీ అడగలేదు. ఇదీ సంఘం ప్రత్యేకతే అనుకుని ఉంటారు.

"డబ్బాలు ఇంకెక్కడైనా పెట్టుకుంటాం. కానీ ఒక షరతు. ప్రతి ఆదివారం నేనూ వస్తాను. మీ జట్టులో తోడు ఆటగాడిగా నాకు చోటు కావాలి."

"అంతకన్నా భాగ్యమా సార్. చోటు మీదే అనుకోండి," అన్నారు కార్యదర్శి గారు, కాగితం గుండెకు హత్తుకుని.

"బావా, నువ్వు బయట ఉన్నావు," అన్నాడు కెప్టెన్. "చోటు ఇచ్చేది నేను. ముందు ప్రాక్టీసు. తర్వాత పరీక్ష. అప్పుడు చూద్దాం."

కార్యదర్శి గారు కాగితాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. డైరెక్టరు గారు మాత్రం చేతులు కట్టుకుని, "అలాగే," అన్నారు.

ఆ సాయంత్రం కెప్టెన్ పై అరను మరోసారి తుడిచి, ఆ మ్యాచ్‌లో గెలిచిన కప్పు పెట్టి, వెనక్కి జరిగి, తల వంచి చూసి, ఒక వేలెడు ఎడమకు జరిపాడు. ఆ కప్పును ఎక్స్‌ప్రెస్ ఇంటికీ పెద్దాయన ఇంటికీ వారానికొకరి చొప్పున పంపాలని నిర్ణయమైంది. పెద్దాయన ఆ రోజు మొట్టమొదటిసారి నోరు తెరిచి, మొదటి సగంలో తనేసిన గోలు కూడా లెక్కలో వెయ్యాలన్నారు. గార్డు గారు ఒప్పుకోలేదు.

మరుసటి వారం డైరెక్టరు గారి కారులో రెండు బుట్టల కప్పులు గోడౌనుకు వచ్చాయి. పంపు సూదులకు, ఈలలకు, కమలా తొక్కలకు ఇప్పుడు వేటి కప్పులు వాటికున్నాయి. ఆరు ఆదివారాలు గడిచాయి. పీఆర్ మేడమ్ డైరెక్టరు గారినీ కార్యదర్శి గారినీ బెంచీ మీద కూర్చోబెట్టి తీసిన ఫొటో పత్రికలో వచ్చింది. డైరెక్టరు గారు ఇంకా ఆ బెంచీ మీదే ఉన్నారు, ఎడమకాలు కుదరలేదని కెప్టెన్ అభిప్రాయం. ఆయన పక్కన కార్యదర్శి గారు చెమటను చొక్కా చేతికే తుడుచుకుంటున్నారు, గార్డు గారు చేతిరుమాలు ఇంకా తిరిగివ్వలేదు.